నత్తగుల్లల బట్టీ

సుమేధుడికి తెలియని సంగతి లేదని విహారంలో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆ మాట అతనే రోజూ చెప్పేవాడు. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ విహారంలో కొత్తగా చేరిన భిక్షువులకు పాఠం చెప్పే పని తనకే ఇవ్వమని గురువు నందరక్షితుణ్ణి అడిగి అడిగి ప్రాణం తీస్తున్నాడు.

"ముందు సున్నం పని చూసి రా నాయనా," అన్నారు గురువు.

వానలు పడేలోగా స్తూపానికి పూత వెయ్యాలి. దానికి గుల్ల సున్నం కావాలి. సున్నం కాల్చే గొంకయ్య ఎండిపోయిన మడుగులోంచి నత్తగుల్లలు ఏరి తెచ్చి బట్టీ పక్కన గుట్ట పోశాడు. అయితే ప్రాణమున్న దేన్నీ చంపకూడదన్నది విహారం నియమం. గుట్టలో ప్రాణం లేదని భిక్షువు ఒకరు చూసి చెప్తేగానీ నిప్పు పెట్టడానికి లేదు.

సుమేధుడు ఒక గుల్ల తీశాడు. దాని నోటికి గట్టి మూత బిగుసుకుని ఉంది. ఊపాడు, గోటితో కొట్టాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"బతికున్నదైతే కదలాలి, తినాలి, ఊపిరి పీల్చాలి, పెరగాలి, తనలాంటి ఇంకోదాన్ని పుట్టించాలి. ఇందులో ఒక్కటీ లేదు. ఇది రాయి. అంటించు గొంకయ్యా."

గొంకయ్య కాగడా వెలిగించాడు. అప్పటికే గురువు వచ్చి వెనక నిలబడ్డారు. కాగడా తన చేతిలోకి తీసుకున్నారు.

"ఆ గుర్తులు మళ్లీ చెప్పు, విందాం."

సుమేధుడు ఉత్సాహంగా అందుకున్నాడు. గురువు కాసిని గడ్డిపరకలు దులిపి, రెండు కుప్పలుగా బండ మీద వేసి, ఒకదానికి కాగడా తాకించారు. నిప్పు గడ్డిని తింటూ పెరిగింది. గాలి పీల్చుకుని ఎగిసింది. ఎగిసి, పక్క కుప్పలో ఇంకో నిప్పును పుట్టించింది. పాఠం సగంలో సుమేధుడి గొంతు తడబడింది.

"అయితే ఇది బతికున్నట్టేనా?" అన్నారు గురువు.

సుమేధుడు నిప్పు వంకా, చేతిలోని గుల్ల వంకా మార్చి మార్చి చూశాడు.

"సరే. తిండి లేనప్పుడు ఏం చేస్తుందో చూద్దాం."

గడ్డి అయిపోయింది. బండ మీద ఇంత బూడిద మిగిలింది.

గురువు సుమేధుడి చేతిలోని గుల్లను తన భిక్షాపాత్రలో వేసి, నీళ్లు పోసి, అతని ముందు పెట్టారు. "తిండి లేక నిప్పు ఆరిపోయింది. ఇది ఆగి ఉందేమో చూద్దాం," అని తనూ పక్కనే కూర్చున్నారు.

ఎండ నెత్తికెక్కింది. గొంకయ్య మబ్బుల వంక చూసి ఒకటే గొణుగుడు. సుమేధుడు మాత్రం ఆ మూత తెరుచుకోకూడదనే కోరుకున్నాడు. తెరుచుకుంటే తన పరువేం కాను? తర్వాత కళ్లు తిప్పుకుని గుట్ట వైపు చూశాడు. చాలావాటికి మూతలే. ఇందాక తను 'అంటించు' అన్న మాట గుర్తొచ్చింది. ఆ తర్వాత పరువు ఊసే లేదు. తెరుచుకో తల్లీ అని లోలోపల బతిమాలుకున్నాడు.

మూత వెంట్రుకవాసి లేచింది. ఒక బుడగ పైకొచ్చింది. మెల్లగా మెత్తటి పాదం, దాని వెనకే రెండు కొమ్ములు బయటికి వచ్చాయి. నత్త పాత్ర అంచు పట్టుకుని, ఏమీ జరగనట్టే, పైకి పాకడం మొదలుపెట్టింది.

"బతికుంది," అన్నాడు సుమేధుడు. గురువుతో అన్నాడు, గొంకయ్యతో అన్నాడు, ఎవరూ లేని వైపు తిరిగి కూడా అన్నాడు. తను ఓడిపోయానన్న సంగతి అతనికి తట్టనే లేదు.

విహారమంతా కదిలింది. గుట్టను రాతితొట్టెలో పోసి, భిక్షువులు బారులు తీరి ఏటి నుంచి కడవలతో నీళ్లు మోశారు. పొద్దు వాలేసరికి తొట్టె నిండా కొమ్ములే. అంచుల మీదుగా, గోడల మీదుగా నత్తలు ఊరేగింపుగా బయల్దేరాయి. సుమేధుడు వాటిని బుట్టల్లోకెత్తి, పరుగున తీసుకెళ్లి ఏటి ఒడ్డున తడిలో వదిలాడు. తడిసిన కాషాయ చీవరంతో, బురద కాళ్లతో, చిన్నపిల్లాడిలా నవ్వుతూ తిరిగాడు. మూత లేని ఖాళీ గుల్లలే బట్టీకి సరిపడా మిగిలేసరికి గొంకయ్య ముఖమూ తేటపడింది.

తొట్టె అడుగున ఒక గుల్ల మాత్రం మూత వేసుకుని అలాగే ఉంది. గొంకయ్య దాన్ని చేతికి తీసుకున్నాడు.

"ఇది పోయినట్టే సామీ. బట్టీలో వేసెయ్యనా?"

సుమేధుడు దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు తెలీదు గొంకయ్యా," అని మళ్లీ నీళ్లలో పెట్టాడు. "ఉండనీ."

గురువు లేచి చీవరం సర్దుకున్నారు.

"రేపటి నుంచి పాఠం నువ్వు చెప్పు," అని లోపలికి నడిచారు.