హైమ చాపిన చేతులు

చిదంబరయ్యగారు ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే మనిషి కారు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక ఒక మేడమీది గదిలో, ఆదివారాలు, ఆయన ఉపనిషత్తు పాఠం చెప్పేవారు. కింద దిమ్మలు దించుతుంటే ఆ తియ్యటి వాసన గదినిండా పట్టి, వైరాగ్యం గురించి వింటున్న మాకు నోరూరుతూ ఉండేది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కిటికీ మూయమని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

ఒక ఆదివారం కోదండపాణి ఆయన్ని నిలదీసినంత పని చేశాడు. కరెంటు ఆఫీసులో ఇంజనీరు. మా అందరికన్నా పాత శిష్యుడు. గురువుగారు చెప్పిన ఉపవాసమల్లా ఉన్నవాడు. జ్ఞానం గురువు కటాక్షం వల్లే కలగాలని మీరే చెప్పారు, ఇన్నేళ్ళూ ఆగాను, ఇంక నా వల్ల కాదు, అన్నాడు. "ఇచ్చేవారు మీరు. నేను చేయవలసింది ఇంకా ఏముంది గురువుగారూ?"

ఆయన తమ కోడలు హైమ పురుడు సంగతి ఎత్తుకున్నారు. మేము ముఖముఖాలు చూసుకున్నాం.

హైమకు మొదటి కాన్పు ఆపద మీద జరిగింది. ఉన్నట్టుండి బిడ్డ గుండె మందగించిందని పూర్తి మత్తు ఇచ్చి కోశారు. తెలివి వచ్చేసరికి గుడ్డలో చుట్టిన మగపిల్లవాణ్ణి పక్కన పడుకోబెట్టి, ఇదిగో నీ కొడుకు అన్నారు. అన్నారు కనక ఆమె నమ్మింది. పాలిచ్చింది, లాల పోసింది, జోల పాడింది. కాని చాలా నెలల దాకా, ఎవరో ఊరెళుతూ అప్పగించిన పిల్లవాణ్ణి సాకుతున్నట్టే ఉండేదట. ఎత్తుకున్నప్పుడల్లా, వీడి తల్లి ఎప్పుడొస్తుందో అని లోపల ఎక్కడో అనిపించేదట. ఆ మాట ఎవరితో అంటుంది? రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు, మళ్ళీ అలాగే అవుతుందేమోనని నిద్రపట్టక, చివరికి డాక్టర్ ఎస్తేరుగారొక్కరితోనే చెప్పుకుంది.

ఈసారి ముందుగా అనుకున్న ఆపరేషను. అనుకున్న ఆపరేషను అనగానే మన వాళ్ళు పంచాంగం తీస్తారు. వెనకటికి బిడ్డ పుట్టాక జాతకం రాయించేవారు. ఇప్పుడు జాతకం చూసుకుని బిడ్డను పిలుస్తున్నారు. మా మేనల్లుడి భార్య విషయంలో సిద్ధాంతిగారికీ మత్తు డాక్టరుకీ జరిగిన పేచీ చెప్పదగిందే గాని, అది ఇక్కడ ఇమడదు.

చిదంబరయ్యగారి ఇంట్లో ఇంకో పట్టింపు ఉంది. పుట్టిన బిడ్డను మొదట ఎవరు చేతుల్లోకి తీసుకుంటే వాళ్ళ బుద్ధులే వస్తాయని. అందుకని ఆయన భార్య సుభద్రమ్మగారు తన ఆడపడుచు కనకవల్లిగారిని పాలకొండ నుంచి పిలిపించారు. కనకవల్లిగారి చెయ్యి మంచిదని పేరు. ఆవిడ తలంటు పోసుకుని, ఉతికిన పాతచీర ముక్క ఒళ్ళో పెట్టుకుని, ఆపరేషను గది బయట బల్లమీద కూర్చున్నారు. చేతులు రెండూ ఎవరికీ తగలకుండా గాలిలో పట్టుకున్నారు. కాఫీ తెస్తే, గ్లాసు పట్టుకోనన్నారు. సుభద్రమ్మగారే చల్లార్చి నోట్లో పోశారు.

ఆ సమయానికి లోపల హైమ చేతులు కూడా అలాగే గాలిలో ఉన్నాయి. మోచేతుల దాకా డాక్టర్లు కడుక్కున్నట్టే కడిగించి, తొడుగులు వేసి, దేన్నీ ముట్టుకోవద్దని చెప్పారు. బిడ్డను తన చేతులతోనే పైకి తీసుకుంటానని బతిమాలుకున్న హైమ దగ్గర, ఏమాత్రం తేడా వచ్చినా నిన్ను పిలవను, నువ్వు వాదించకూడదు, అని ఎస్తేరుగారు ముందే మాట తీసుకున్నారు. నడుముకు సూది వేశారు. రొమ్ము కింద నుంచి ఒళ్ళు ఆమెది కాకుండా పోయింది. కోయడం అయింది. బిడ్డ తల వచ్చింది, భుజాలు వచ్చాయి. అడ్డంగా ఉన్న గుడ్డ దించి, చేతులు చాపమ్మా అన్నారు డాక్టరుగారు.

హైమ చేతులు కదల్లేదు.

అడిగి, బతిమాలి, నెలల తరబడి ఎదురుచూసిన క్షణం వచ్చాక ఆమె కొయ్యబారిపోయింది. తన కడుపులోంచి ఒక ముఖం బయటికి వచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. అంత భయం తను పుట్టి ఎరగదట. తల దగ్గర నిలబడ్డ భర్త ఆమెను పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. ఎస్తేరుగారు బిడ్డ మెడ కింద చెయ్యి ఉంచి, ఆమె కళ్ళలోకి చూసి నెమ్మదిగా అన్నారు. "నేను తియ్యగలను. తియ్యమంటావా?"

హైమ వద్దని తల ఊపింది. చేతులు చాపింది. డాక్టరుగారు వాటిని బిడ్డ చంకల కిందికి నడిపారు. జారుతోంది, వెచ్చగా ఉంది, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఆమె పైకి తీసి గుండెల మీద వేసుకుని, "వచ్చావా" అంది.

నర్సు బయటికి వచ్చి, ఆడపిల్ల అనీ, తల్లే స్వయంగా పైకి తీసుకుందనీ చెప్పింది. చిదంబరయ్యగారికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట్లో ఉన్న జపం ఎక్కడ ఆగిందో తెలియలేదట. సుభద్రమ్మగారు గోడ పట్టుకుని కింద కూలబడ్డారు. కోసిన కడుపులో తనే చెయ్యి పెట్టుకుందా, అది ఆడదేనా, అని పదిమంది వినేటట్టు అన్నారు. కనకవల్లిగారు మాత్రం తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుని, అయితే పాలకొండ నుంచి నన్ను కాఫీ తాగడానికి రప్పించావా సుభద్రా, అన్నారు.

గదికి తెచ్చాక సుభద్రమ్మగారు ఊరుకోలేదు. ఎందుకు చేశావు, ఏం లోటు చేశాం, ఇదేం విపరీతం అని నిలబడి దులిపేశారు. హైమ బిడ్డను వదలకుండా, మొదటిసారి తనకు ఎలా ఉండేదో అప్పుడు చెప్పింది. ఇదిగో నీ కొడుకు అని ఎవరో అంటే నమ్మాను అత్తయ్యగారూ, అంది. పెద్దవాడు మంచం పట్టె పట్టుకుని చెల్లెలి పాదాలు చూస్తున్నాడు. హైమ వాడి తలమీద చెయ్యి వేసింది. సుభద్రమ్మగారు వాడికేసీ కోడలికేసీ చాలాసేపు చూశారు.

"ఆ మాట అన్నది నేనే" అన్నారు చివరికి.

చిదంబరయ్యగారు అక్కడ ఆపి మంచినీళ్ళు తాగారు. నేను బీయస్సీలో కప్పను కోయవలసి వచ్చి కళ్ళు తిరిగి పడిపోయినవాణ్ణి. ఆ రోజూ అంత పనీ అయింది. కోదండపాణి ముఖం పాలిపోయింది. అతను తల వంచుకునే, ఆవిడకు దొరికింది సరే, నా సంగతి ఏమిటి, అని గొణిగాడు.

గురువుగారు గ్లాసు కింద పెట్టి అతనికేసి వంగారు.

"నేను తియ్యగలను నాయనా. తియ్యమంటావా?"