నేతవీధి గాడిపొయ్యి

మేడికుర్తి రాజుగారు పెద్దిభూపతికి రాగిరేకు మీద ముద్ర వేయడమంటే మహా సరదా. చదివి వేస్తారా అంటే, అదొక్కటి మాత్రం నన్నడగకండి!

అలా చదవకుండా వేసిన ముద్రతోనే బొమ్మలాటల గుత్త మొత్తం రంగవల్లభుడి చేతికి పోయింది. ఊళ్ళో ఏ తోలుబొమ్మలాట చూడాలన్నా ఇంటికో ఇత్తడి బిళ్ళ కొనాలి. మొదట్లో నెలకు రెండు రూకలన్నాడు. జనం అలవాటు పడ్డాక నాలుగన్నాడు, ఆపైన ఏడన్నాడు. యుద్ధాల ఆటకు ఒక బిళ్ళ, పెళ్ళిళ్ళ ఆటకు ఇంకో బిళ్ళ. అదీ చాలక, సరిగ్గా రాక్షసుడు కత్తి ఎత్తే సమయానికి ఆట ఆపి, ఆముదం అమ్మేవాణ్ణి తెర ముందుకు తోసేవాడు! వాడు నోరు మూయాలంటే మరో రూక.

జనం మాత్రం ఏం చేస్తారు? రెండు మూడిళ్ళవాళ్ళు కలిసి ఒకే బిళ్ళతో చూడ్డం మొదలెట్టారు. రంగవల్లభుడు ఊరుకుంటాడా? కొత్త శాసనం రాయించుకొచ్చాడు. ఒక బిళ్ళ ఒక కుటుంబానికే. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళే కుటుంబం. దొంగచాటుగా చూస్తే ఇంట్లో పనిముట్టు జప్తు. రాజుగారు టప్పున ముద్ర వేసేశారు.

పదిరోజులు తిరక్కుండానే నేతవీధి సూరమ్మ దొరికిపోయింది. పాపం, ఒంటరి ముసలిది. పక్కింటివాళ్ళ బిళ్ళతో వాళ్ళ సరసన కూర్చుని చూసింది. రంగవల్లభుడు ఆమెను సభకు ఈడ్చుకొచ్చాడు.

"ఈమె పొయ్యి వేరు, వాళ్ళ పొయ్యి వేరు. మగ్గం నాకిప్పించండి ప్రభూ!"

"అంత ఖరీదైతే ఆట మానెయ్యొచ్చుగా అవ్వా?" అన్నారు రాజుగారు, జాలిపడుతూనే.

"మానేస్తే చచ్చిపోను దొరా. కానీ పొద్దస్తమానం మగ్గం గుంటలో ఒక్కదాన్నే. నలుగురితో కూర్చుని నవ్వేది ఆ కాసేపే. మగ్గం కూడా పోతే ఏం తిని బతకను?" అంది సూరమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

రాజుగారి గొంతులో వెలక్కాయ పడింది. తన ముద్రను తానే ఎలా కొట్టేస్తారు? పక్కనే తాంబూలం అందిస్తున్న తిప్పన వైపు తిరిగారు. కొలువులో నోరున్నవాడంటే వాడే.

"ఏమోయ్ తిప్పనా! శాసనంలో అక్షరం మారకూడదు, అవ్వ మగ్గం పోకూడదు. నీ వల్ల అవుతుందా?"

"రేపు సాయంత్రం మనమే వెళ్ళి చూద్దాం ప్రభూ. అవ్వకు వేరే పొయ్యి కనిపిస్తే మగ్గం గుత్తేదారుగారిదే."

"ఆ వీధిలో నలభై పొయ్యిలున్నాయి! నా కళ్ళతో చూశాను," అని రంగవల్లభుడు మీసం దువ్వాడు.

మర్నాడు వెళ్ళి చూద్దురు కదా, ఏ ఇంట్లోనూ పొయ్యి లేదు! వీధి నడుమ ఈ చివర నుంచి ఆ చివరి దాకా పొడుగ్గా గాడి తవ్వి, మంట పెట్టి, వరసగా గుండిగలు ఎక్కించారు. పెళ్ళివంటలకు తవ్వే గాడిపొయ్యి అన్నమాట. సూరమ్మ గరిటె పట్టుకుని పులుసు కలుపుతోంది.

"ఇవి ఎన్ని పొయ్యిలయ్యా?" అడిగారు రాజుగారు.

రంగవల్లభుడు ఆ చివరికి పరిగెత్తాడు, ఈ చివరికి పరిగెత్తాడు. గాడి ఎక్కడా తెగలేదు.

"ఒ... ఒక్కటే ప్రభూ. కానీ ఇది దగా! ఇది పెళ్ళిపొయ్యి!"

తిప్పన అమాయకంగా మొహం పెట్టాడు.

"మరి పెళ్ళయ్యాక కుటుంబం కాక ఏమవుతారండీ?"

వీధి వీధంతా గొల్లుమంది. రాజుగారు అరుగెక్కి కూర్చుని, "ఎలాగూ వచ్చాం, రెండు ముద్దలు తిని పోదాం," అన్నారు. రాజుగారి పక్కన విస్తరి వేస్తే గుత్తేదారు కాదనగలడా? పైగా ఆ పులుసు ఘుమఘుమలాడుతోంది. రంగవల్లభుడు మొదట మొహమాటపడ్డాడు గానీ, ఆనక మారు అడిగి మరీ లాగించాడు.

విస్తరి ఖాళీ అయ్యేదాకా ఆగి, తిప్పన చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"గుత్తేదారుగారూ, ఈ పొయ్యి మీది అన్నం తిన్నారు. మీ శాసనం ప్రకారం ఇప్పుడు మీరూ మా ఇంటి మనిషే. ఇంట్లోవాళ్ళ దగ్గర బిళ్ళకు డబ్బులు పుచ్చుకుంటారా ఏం?"

రంగవల్లభుడు ఆఖరి ముద్ద గబుక్కున మింగాడు.

"ఇంటికి పాత రెండు రూకలే ఇప్పించండి బాబోయ్! ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే నాకేం!"

నవ్వి నవ్వి రాజుగారికి పొలమారింది. ఎడమచేత్తో నెత్తి తట్టుకుంటూనే మెళ్ళో ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశారు.