గుంటగలగర కాటుక

అనగనగా కాలవ కింద ఒక ఊళ్ళో తాయారని ఒక పిల్లతల్లి ఉండేదమ్మా. దానికి అమ్మ లేదు. రేపు దాని పాపకి ఉయ్యాల వేడుక. తాయారు పుట్టింటి ఆచారం ఏంటంటే, పాపకి తొలికాటుక గుంటగలగరాకుదే పెట్టాలి. ఆ రసంలో గుడ్డ తడిపి, ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదంలో వెలిగించి మసి పట్టాలి.

"కొట్లో కాటిక తెద్దాంలేవే" అంది అత్తగారు.

"వద్దత్తయ్యా. మా అమ్మే పెట్టినట్టుండాలి" అంది తాయారు.

ఆ మొక్కనెలా గుర్తుపట్టాలో అమ్మ నేర్పింది. దానిలా తెల్లపువ్వులు పూసేవి చాలా ఉంటాయి కదా! మొక్కని వేళ్ళతో సహా పీకి, అరచేతిలో నలపాలి. చెయ్యి నల్లబడితే అదే. గట్ల నిండా ఉన్న రోజుల్లో అలా పీకినా చెల్లింది మరి.

అప్పుడు తాయారు కాలవగట్టుకి వెళ్ళింది. గట్టంతా సిమెంటు. పగుల్లో తెల్లపువ్వు కనిపిస్తే పీకి నలిపింది. చెయ్యి పచ్చగానే ఉంది. అది గడ్డిచామంతి.

ఆ తర్వాత పొలంగట్టుకి వెళ్ళింది. కలుపుమందు కొట్టేశారు. మిగిలిన మొక్కని నలిపితే ఒకటే దురద. అది వయ్యారిభామ.

ఆ తర్వాత బోరింగు పక్క బురదలో ఒకే ఒక్క మొక్క, దానికొక్క మొగ్గ. గబుక్కున పీకి నలిపేసింది. చెయ్యి పచ్చగా ఉంది. ఉసూరుమంటూ కూచుంది. కాసేపటికి చూస్తే అరచెయ్యి నల్లగా!

"అమ్మా, దొరికిందే!" అని ఎగిరింది. అప్పుడు చేతిలోకి చూసుకుంది. గుడ్డ అంచు తడవడానికైనా రసం లేదు. ఆ పిప్పినే బురదలో నాటి, దోసిలితో నీళ్ళు పోసింది. నలిగిపోయింది బతుకుతుందా తల్లీ! సాయంత్రానికి ఎండిపోయింది.

ఊరంతా వెతికింది. ఇంకొకటి లేదు.

ఆ నల్లచేత్తోనే పాప బుగ్గ మీద చుక్క అద్దింది. తెల్లారి నలుగు పెట్టి నీళ్ళు పోస్తే అదీ పోయింది. పాపకి కొట్టు కాటుకే పెట్టారు. తాయారు గోడవైపు తిరిగి ఏడ్చింది. అమ్మ పోయినరోజు కూడా అంత ఏడవలేదు.

నీ బుగ్గన ఉన్నదీ కొట్టు చుక్కేనమ్మా. ఆ మొక్క ఎప్పుడైనా కనిపిస్తే పీకకు, ఒక్క ఆకే గిల్లు. కనిపిస్తుందని నాకైతే ఆశ లేదు.

గట్టున లేదు, గుట్టన లేదు,
గుంటగలగర ఎక్కడా లేదు.
కథ కంచికి నడిచిపోయింది,
కన్ను మూసుకో, పొద్దుపోయింది.