వరస కలపని డాక్టరు

డాక్టర్ పేడాడ నరసింగరావు గారికి లోకమంతా చుట్టాలే. పిచ్చాసుపత్రి ఓపీలో కూర్చున్నారంటే వచ్చిన ముసలమ్మ 'అప్ప' అయ్యేది, ఆటో అతను 'బావ' అయ్యేవాడు. సగం జబ్బు ఆ పిలుపుతోనే నెమ్మదించేదని నర్సులు చెప్పుకునేవారు. అలాంటి మనిషి, వెనకనున్న ఇనప తలుపు దాటి ఖైదీల వార్డులో అడుగుపెడితే మాత్రం మారిపోయేవారు. కోర్టు పరీక్ష కోసం పంపినవాళ్ళుండే చోటది. అక్కడ ఎవరినైనా పేరు పెట్టి, 'గారు' చేర్చి పిలిచేవారు. కూర్చోకముందే ఒక మాట చెప్పేవారు: "నన్ను కోర్టు అడిగింది. మీకు వైద్యం చేయడానికి రాలేదు. మీరు చెప్పింది నా దగ్గర ఆగదు, జడ్జిగారి దాకా వెళ్తుంది. ఇష్టం లేనిదానికి జవాబు చెప్పక్కర్లేదు." చన్నీళ్ళు కుమ్మరించినట్టుండేది ఆ మాట.

శిక్షణకు వచ్చిన ఎం.బి.బి.ఎస్. ఆఖరి ఏడాది పిల్లల్లో హిమజకు ఇది బొత్తిగా గిట్టలేదు. ఒకరోజు అడిగేసింది.

"సార్, అవతల అందర్నీ వరస పెట్టి పిలుస్తారు. ఇక్కడివాళ్ళని మాత్రం గారూ అంటూ దూరం పెడతారు. నేరం చేసినవాళ్ళనా?"

ఆయన కోప్పడలేదు, వాదించనూ లేదు. "రేపు అసిరయ్య గారి దగ్గరికి నువ్వెళ్ళమ్మా. ముందు చెప్పాల్సింది ముందు చెప్పు" అన్నారు.

అసిరయ్య తన బావమరిదిని గునపంతో కొట్టి చంపాడన్నది కేసు. అప్పుడతనికి మతి స్థిమితంలో లేదన్నది లాయరు వాదన. వెనకెప్పుడో మందులు వాడిన మాట నిజమే. దెబ్బ వేసిన ఆ ఘడియలో తానేం చేస్తున్నాడో అతనికి తెలుసా, తెలియదా? తెలియదని తేలితే ఆసుపత్రి. తెలుసని తేలితే బతుకంతా జైలు. కోర్టు అడిగింది ఆ ఒక్కటే. అతనేమో వచ్చినప్పటినుంచీ నోరు విప్పలేదు.

హిమజ వెళ్ళేసరికి కానిస్టేబులు గుమ్మం బయట కుర్చీలో ఉన్నాడు. లోపల అసిరయ్య బల్ల మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చెప్పాల్సిన మాట ఆ పిల్లకు నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఈ మనిషి ఇక ఎన్నటికీ ఇటు తిరగడేమో అని భయం వేసింది. కాస్త మెత్తబడ్డాక చెబుదాంలే అనుకుంది.

"చిన్నాన్నా, అన్నం తిన్నావా?"

అతను మెల్లగా తిరిగి చూశాడు. "మీదేవూరు తల్లీ?"

ఆమె చెప్పింది. అతని కూతుర్నిచ్చింది ఆ పక్క ఊరికే. ఇంకేముంది? బస్సులో పక్క సీటువాడితోనైనా వరస కలపందే మనకు ఊపిరాడదు కదా, ఇక్కడా కలిసిపోయింది. గట్టు తెగిన కాలవలా మాటలు వచ్చాయి. పంట, కూతురి కాన్పు, చచ్చిపోయిన ఎద్దు. చివరికి అతను గుమ్మంవైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"నాకు పిచ్చని మా లాయరు బాబు సెప్తన్నాడు గానీ, ఆ రోజు నాకే పిచ్చీ నేదమ్మా. తెలిసే కొట్టినాను. నా కూతురులాటిదానివని నీకు సెప్పినాను. ఈ మాట గుమ్మం దాటకూడదు."

హిమజ తల ఊపింది.

నోరు విప్పని మనిషి చేత విప్పించానన్న సంబరం కాస్త, ఏదో జరగరానిది జరిగిందన్న గుబులు కాస్త, రెండూ కలిసి ఆమెను గురువు గారి గదిలోకి తోసుకొచ్చాయి. ఆయన అంతా విన్నారు.

"ముందు చెప్పాల్సింది చెప్పావా?"

"తర్వాత చెబుదామని..."

"ఇదంతా ఎవరికి చెప్పాడు?"

"నాకే సార్."

"నువ్వెవరివి?"

డాక్టర్నంటే అబద్ధం, ఇంకా కాలేదు. కూతుర్నంటే అంతకన్నా పెద్ద అబద్ధం. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "విన్నది రాస్తే అతని కొంప మునుగుతుంది. రాయకపోతే కోర్టుకి అబద్ధం చెప్పినట్టు. ఏం చెయ్యాలి సార్?"

"ఏం విన్నామో రాయను. ఎలా విన్నామో రాస్తాను. పంపింది నేను కాబట్టి తప్పు చేసినవాళ్ళలో ముందు నా పేరే. పరీక్ష వేరే ఆసుపత్రిలో చేయించమని అడుగుతాను. అది నా పని. నీ పని ఆ గదిలో ఉంది. ఇందాక వచ్చింది కూతురు కాదు, కోర్టు మనిషని వెళ్ళి చెప్పు."

చిన్న వరండాయే, కానీ ఆమెకు ఎంతకీ తరగలేదు. అసిరయ్య తిడితే బాగుండుననుకుంది. ఏడిస్తే మాత్రం తట్టుకోలేననుకుంది.

అసిరయ్య ఆమెను చూసి నవ్వి, "మళ్ళీ వచ్చినావా తల్లీ" అంటూ బల్ల మీద చోటు చేశాడు. ఆమె కూర్చోలేదు.

"అసిరయ్య గారూ."

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమె చెప్పాల్సినదంతా చెప్పింది. ఒక్క ముక్కా మింగలేదు. "ఇందాక మీరు చెప్పింది సార్‌కి చెప్పేశాను. దాన్ని ఆయన కోర్టుకు రాయరు. గుమ్మం దాటదని నేను తల ఊపాను. అది నేను చేసిన మోసం."

అసిరయ్య లేచి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మా లాయరు బాబుని పిలిపించండి డాక్టరమ్మ గారూ. ఆయనొచ్చినాక మీరేటడిగినా, సెప్పాలో వద్దో అప్పుడు సూసుకుంటాను."

హిమజ తిరిగొచ్చి కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇందాక తల్లీ అన్నాడు సార్. ఇప్పుడు లేచి నిలబడి, మీరు అంటున్నాడు. ఇక నా మొహం చూడడు."

నరసింగరావు గారు కూజాలోంచి గ్లాసుడు మంచినీళ్ళు వంచి ఆమె ముందు పెట్టారు.

"ఇప్పుడే చూశాడమ్మా, నువ్వెవరివో" అన్నారు.