ఎండాకాలంలో కుంపటి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కొండ నీడన ఒక సెమినరీ ఉండేది. అంటే బోధకులు కాబోయేవాళ్ళు చదువుకునే బడి అన్నమాట. చదువు ముగించినవాళ్ళు బొరియ బొరియకూ వెళ్ళి, దుఃఖంలో ఉన్నవాళ్ళకు ధైర్యం చెప్పేవారు. జబ్బుపడినవాళ్ళ పక్కన కూర్చునేవారు.

ఆ బడిలో పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. జంతువులకు ఇంగ్లీషు ఎలా వచ్చిందని నన్ను అడక్కండి. మాట్లాడే జంతువులకు చదవడం ఒక లెక్కా!

ఇంగ్లీషు చెప్పేది గ్రేసమ్మ అనే బాతు. ఆమెది చలిదేశం. ఒకసారి ఇటు వలస వచ్చి, రెక్కకు దెబ్బ తగిలి ఇక్కడే ఉండిపోయింది. పాఠానికి ముందు పుస్తకం పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని తన దేశం గురించి చెప్పేది.

"మా ఊళ్ళో మంచు చప్పుడు చేయకుండా పడుతుంది నాయనా. పొద్దున లేచేసరికి దారి ఉండదు, చెరువు ఉండదు. అంతా తెలుపే. సూర్యుడు చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళిపోతాడు."

వింటూ వింటూ దుప్పులూ ఉడుతలూ కలలోకి జారిపోయేవి. గోడలు కరిగి, గదిలోనే మంచు కురుస్తున్నట్టుండేది.

పరంజ్యోతి అనే ముంగిసకు మాత్రం ఇదంతా విసుగు. "పరీక్షలో మంచు గురించి అడుగుతారా ఏమిటి!" అని నిఘంటువు చంకన పెట్టుకుని బయటికి జారుకునేవాడు. ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుని అందరికంటే ముందే పుస్తకం పూర్తిచేసేవాడు. తనకు తెలియని మాటే లేదని మీసాలు దువ్వుకునేవాడు.

నడి ఎండాకాలంలో ఒకరోజు రూతమ్మ అనే కుందేలు ఏడుస్తూ బడి ముందున్న పరంజ్యోతి దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, మా బుజ్జిదానికి ఒళ్ళు కాలిపోతోంది. ఒక్కసారి వచ్చి చూడండి."

ఇంకా చదువు కాకుండానే 'అయ్యగారూ' అనిపించుకున్నాడు కదా, పరంజ్యోతి ఉబ్బిపోయాడు. రోగుల సేవ గురించిన పుస్తకం తీసుకుని వెంట వెళ్ళాడు.

"తలుపు మూయాలి," అన్నాడు పుస్తకం చూసి.

"ఇంత ఉక్కలోనా అయ్యగారూ?"

"పుస్తకంలో ఉందమ్మా." బొరియ మూతి మూసేశారు.

"కుంపటి వెలిగించి పక్కన పెట్టాలి."

"ఈ ఎండల్లోనా?"

"ఇంగ్లీషు పుస్తకంలో ఉందమ్మా!" రూతమ్మ కుంపటి వెలిగించింది.

"ఉన్ని కప్పాలి." రూతమ్మ ఉన్ని తెచ్చి కప్పింది.

కాసేపటికి బుజ్జిది మూలగడం మానేసింది. చెవులు వాలిపోయాయి. పిలిస్తే పలకలేదు. పరంజ్యోతి ఒక్క పరుగున గ్రేసమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"టీచరుగారూ, పుస్తకంలో ఉన్నట్టే చేశాను. తలుపు మూశాను, కుంపటి పెట్టాను, ఉన్ని కప్పాను. పిల్ల చచ్చిపోయేలా ఉంది!"

"అయ్యో నాయనా! అది రాసిన ఆయన ఊళ్ళో నీళ్ళు కుండలోనే గడ్డకడతాయి. అక్కడ వెచ్చదనమే ప్రాణం. తలుపు సందులోంచి వచ్చే చలిగాలి రోగిని చంపేస్తుంది. ఇక్కడైతే..."

మిగతాది వినడానికి పరంజ్యోతి ఆగలేదు. అతనికి అర్థమైంది. పరుగున వెళ్ళి బొరియ మూతి తెరిచాడు. కుంపటి బయట పడేశాడు. ఉన్ని లాగేసి, మోదుగాకులు నీళ్ళలో ముంచి పిల్ల ఒంటిమీద పరిచాడు. ఒక ఆకుతో విసురుతూ కూర్చున్నాడు.

బయట బూరుగు చెట్టు నుంచి తెల్లటి దూది గాలిలో తేలుతూ వస్తోంది. చప్పుడు లేకుండా నేలమీద వాలుతోంది. పరంజ్యోతి చూస్తూ ఉండిపోయాడు. ఎండలోనే అతని కళ్ళముందు మంచు కురిసింది. ఆ మంచులో ఒక చిన్న ఇల్లు, లోపల ఒక మంట, మంట పక్కన ఒక పసిబిడ్డ. పుస్తకం రాసిన ఆయన ఆ బిడ్డకు ఉన్ని సర్దుతున్నాడు.

"అమ్మా, నీళ్ళు," అంది బుజ్జిది.

రూతమ్మ నీళ్ళు పట్టించి, కళ్ళు తుడుచుకుని అడిగింది. "ఇది కూడా ఆ పుస్తకంలో ఉందా అయ్యగారూ?"

"ఉందమ్మా," అన్నాడు పరంజ్యోతి సిగ్గుతో తల దించుకుని. "రోగికి హాయి కలిగించమనే ఆయన రాశాడు. నేనే చదవలేదు."

నీతి: పరాయి భాషలో ఒక మాట చదివినప్పుడు, అది పుట్టిన నేలను కూడా తెలుసుకోవాలి.