హిమజ వెన్నుపాము

ఉదయం పది నలభైకి ప్రొఫెసర్ మాలకొండయ్య చేతి గడియారం విప్పి ప్లాస్టిక్ గిన్నెలో పెట్టాడు. ఎంఆర్ఐ గదిలోకి లోహం వెళ్లకూడదు. ప్రశ్న అడిగినవాళ్లకు జవాబుకు బదులు పని చెప్పడం ఆయన అలవాటు. ఆ రోజు అడిగింది పీజీ విద్యార్థిని హిమజ.

ఏడేళ్ల దీవెన రెండు రోజుల క్రితం ఆటోలోంచి పడింది. కాళ్లు కదలడం లేదు. మామూలు ఎంఆర్ఐ చిత్రంలో వెన్నుపాము శుభ్రంగా ఉంది. నరాల పోగుల వెంట నీరు ఎలా కదులుతోందో కొలిచే కొత్త స్కాన్‌లో మాత్రం వీపు పైభాగాన అంకెలు తగ్గాయి. వార్డు డాక్టర్లు పిల్ల మొండికేసిందని అనుమానిస్తున్నారు. సాయంత్రం రిపోర్టు శుభ్రంగా వెళితే రేపు ఇంటికి పంపేస్తారు.

"మా పిల్లకి నాటకాలు రావండీ," అంది బయట కూర్చున్న తల్లి రూతమ్మ. "చిప్స్ పాకెట్టు చూపించినా లేవలేదు. ఇంకేం చూపించమంటారు?"

"చిత్రం బాగుందంటోంది, అంకెలు దెబ్బంటున్నాయి. ఏది నమ్మాలి సార్?" అని హిమజ అడిగింది.

"గాజులు తీసి పడుకో," అన్నాడాయన.

పాపకు తీసినట్టే ఆమెకూ కొత్త స్కాన్ తీశారు. ఆమె వెన్నులోనూ అదే చోట అంకెలు తగ్గాయి. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి, శ్వాసతో కొలత చెదురుతుందని టెక్నీషియన్ అన్నాడు. హిమజ తెరనీ, తన కాళ్లనీ మార్చి మార్చి చూసుకుంది.

"అయితే పాపకు దెబ్బ లేనట్టేనా సార్?"

"నీకు లేదని తేలింది. పాప సంగతి ఇంకా తేలనే లేదు."

"మరి ఏం రాయను?"

"తెలియలేదని రాయి. పాపని కదపొద్దనీ, మళ్లీ తీయాలనీ రాయి."

"ఆ ముక్క రాయడానికి ఇంత మిషన్ ఎందుకని నవ్వుతారు సార్."

"నవ్వనీ."

వార్డులో నవ్వారు. కానీ అలాంటి రిపోర్టు చేతిలో పెట్టుకుని పిల్లను ఇంటికి పంపడానికి ఎవరూ సంతకం చేయలేదు.

పడిన ఆరో రోజు మళ్లీ తీసిన మామూలు చిత్రంలో పాప వెన్నుపాము మీద సన్నటి తెల్ల మచ్చ తేలింది, దెబ్బ గుర్తు. అది అంకెలు తగ్గిన చోట లేదు, నాలుగు వేళ్ల వెడల్పు కిందికి ఉంది.

"అంకెలు నిజం చెప్పినట్టా, అబద్ధం చెప్పినట్టా సార్?" అంది హిమజ.

"అవి పాపని మంచం దిగనివ్వలేదు," అన్నాడు మాలకొండయ్య.