ఓబులమ్మ గాలితిత్తి

అనగా అనగా, కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, మల్లభూపతి అనే రాజు ఏలే సీమలో ఓబులమ్మ అని తిత్తులు కుట్టే పడుచు ఉండేది. ఆ చుట్టుపక్కల కొలుముల్లో నిప్పు రాజేసే తిత్తులన్నీ ఆమె చేతిలో పుట్టినవే.

ఆ ఏడు వసంతోత్సవానికి ఆమె ఇంటి వాకిట్లో ఒక వింత యంత్రం కట్టింది. గేదెతోలు సంచి, దానికి పొడవాటి వెదురు గొట్టం, మధ్యలో ఒక బిరడా. తిత్తులతో గాలి కొట్టి సంచి నింపాలి. గొట్టంలో నీటి బుడగ పెట్టి బిరడా లాగాలి. అంతే! పలచని మేకతోలుతో కుట్టిన ఆ బుడగ ఎగిరిపోయి, ఎవరి నెత్తిన పడితే వారిని నిలువునా తడిపేస్తుంది. ఊరివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. “పెళ్ళీడుకొచ్చిన పిల్లకు ఈ ఆటలేమిటమ్మా!” అని నవ్వారు కూడా.

పండుగ రాకముందే ఆపద వచ్చిపడింది. ఓబులమ్మ తమ్ముడు కదిరప్ప తేనె కోసం లోయ అవతలి బండ ఎక్కాడు. ఎక్కిన తాళ్ళ నిచ్చెన కాస్తా తెగి లోయలో పడింది. పైన మండే ఎండ. వాననీళ్ళు నిలిచే దొన ఒకటి బండమీద ఉంది కాని, అదీ ఎండిపోయింది. రాజభటులు తాళ్ళు పట్టుకుని కొండ చుట్టి బయలుదేరారు. వాళ్ళు చేరేసరికి మరునాడవుతుంది. అంతదాకా వాడి ప్రాణం నిలిచేదెలా?

రాజు స్వయంగా లోయ అంచుకు వచ్చాడు. మల్లయోధులు నీటికుండలు విసిరారు. ఒక్కటీ సగం దూరమైనా పోలేదు. అప్పుడు ఓబులమ్మ తన యంత్రాన్ని బండిమీద తెచ్చి నిలిపింది. కుట్టి ఉన్నవి మూడే బుడగలు.

కొలిమివాళ్ళు గాలి కొట్టసాగారు. “అక్కా! దాహం!” అని అవతలినుంచి కేక. ఓబులమ్మకు మనసు ఆగలేదు. బిరడా లాగేసింది. బుడగ కాస్త లేచి లోయపాలైంది.

రెండోసారి రాజే తొందరపడ్డాడు. “వదులమ్మా, వదులు! ఇంకెంతసేపు?” రాజు మాట కాదనలేక వదిలింది. బుడగ అవతలి బండకు తగిలింది కాని, కదిరప్ప కాళ్ళకు చాలా కింద. ఆ తడి చూస్తుండగానే ఆరిపోయింది. వాడు కూలబడ్డాడు. అక్క గుండె చెరువైంది.

ఇక మిగిలింది ఒక్కటే.

ఆమె సంచిని వేలితో నొక్కి చూసింది. ఇంకా మెత్తగానే ఉంది. “కొట్టండన్నా, ఇంకా కొట్టండి” అంది.

“అక్కా...” ఈసారి ఆ గొంతు సన్నబడిపోయింది. ఆమె చెయ్యి దానంతటదే బిరడామీదికి పోయింది. పళ్ళు బిగించి వెనక్కి లాక్కుంది.

“వదలమంటున్నది నిన్నే! వినబడలేదా?” అని గర్జించాడు రాజు.

“క్షమించండి ప్రభూ. వాడు నా తోడబుట్టినవాడు. వాడి కేక మీకంటే నన్నే ఎక్కువ కోస్తోంది. కాని ఇప్పుడు వదిలితే నా ఆత్రం తీరుతుంది, వాడి దాహం తీరదు.”

రాజు కిరీటం తీసి పక్కన పెట్టి, తానే ఒక తిత్తి అందుకున్నాడు. సంచి డప్పులా బిగిసింది. కుట్లు కిర్రుమన్నాయి. అప్పుడు లాగింది బిరడా.

కొండలు దద్దరిల్లాయి. బుడగ ఎండలో మెరుస్తూ లేచింది, లేచింది, ఎగిరే గద్దలకన్నా పైకి లేచింది. కంటికి కనబడని గాలి, చేతికి చిక్కని గాలి, రోజూ పీల్చి వదిలేసే ఉత్త గాలి, ఆ నీటిని అంత లోయ దాటించి సరిగ్గా దొనలో దించింది! రాజు తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

బుడగ పగిలి దొనలో నీళ్ళు నిలిచాయి. కదిరప్ప బోర్లా పడుకుని కడుపారా తాగాడు.

మరునాడు భటులు వాడిని దించి తెచ్చారు. “నేనంతగా అరుస్తుంటే ఎందుకు ఆగావే అక్కా?” అని అడిగాడు వాడు. ఓబులమ్మ వాడిని పొదువుకుని ఏడ్చిందే గాని బదులు చెప్పలేకపోయింది.

ఆ బదులు మనం చెప్పుకుందాం పిల్లలూ: ఆదుకోవాలన్న ప్రేమ ఎంత ఉన్నా, సరైన వేళ దాకా దాన్ని బిగబట్టుకోగలిగినవారి సాయమే అవతలి ఒడ్డుకు చేరుతుంది.